ఐదో మెట్టు కింద

పూరీ గేట్ దగ్గర మా ఇంట్లో, వంటగది పక్క గదిలో కూర్చుని వెబ్ పేజీలు రాసుకుని బతికేవాణ్ణి నేను. గొప్పేం లేదు. మా రైల్వే వర్క్‌షాపు కుటుంబాల సంఘం వాళ్లు అడిగితే వాళ్ల పాత రిజిస్టర్లన్నీ ఒక పేజీలోకి ఎక్కించినాను. ఎవరింట్లో ఎవరున్నారో చూసి, ఊపిరాడని వాళ్లకి ఆక్సిజన్ సిలిండర్ పంపడానికి అది.

ఆ రిజిస్టర్లలో మావాళ్లు పేర్లు రాసే తీరు ఒక వింత. ఇంట్లో వర్క్‌షాపు ఉద్యోగం ఎవరిదైతే మిగతావాళ్లంతా అతని కింద. అతను పోయి ఉద్యోగం ఇంకొకరికి వస్తే, పాత పేరు కొట్టరు, కొత్త పేరు దాని కింద రాస్తారు. మా అప్పలకొండత్త మొగుడు పోయి పుట్టింటికొచ్చిన మనిషి, పిల్లల్లేరు. తాత, నాన్న, చిన్నాన్న, అన్నయ్య... ఉద్యోగం చేతులు మారేకొద్దీ ఆమె ఐదో మెట్టుకి దిగిపోయింది.

అన్ని మెట్లూ విప్పితే పేర్లు కుడిపక్కకి జరిగి ఇరుక్కుపోతాయి, ఫోన్లో చదవలేం. అందుకని నాలుగు మెట్లే చూపించి, కిందవన్నీ చిన్న ప్లస్ గుర్తులో మడిచేసినాను. ఏం తెలివి నాది! తన పేరు అగుపడతందా అని అత్త ఒకసారి అడిగింది కూడా. చూడకుండానే అగుపడతంది అన్నాను.

మొన్నామధ్య ఆమెకి ఊపిరాడలేదు. సంఘంలో పేజీ చూసి, ఆ పేరు లేదన్నారట. ప్లస్ నొక్కాలని వాళ్లకి నేను చెబితే కదా. సిలిండర్ వేరే ఇంటికి పోయింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషిని నేనే మడిచి పెట్టేసినాను.

అత్త పోయిన పదకొండో రోజు, సాయంత్రం నాలుగింటికే కాలబైశాఖి గాలివాన లేచింది. ఇల్లంతా చీకటి, కరెంటు పోయింది. పక్కగదిలో మా నాలుగేళ్ల పాప అక్షిత పడుకుని ఉంది. ఇప్పుడైనా ఆ పేజీ సరిచేద్దామని లాప్‌టాప్ తెరిచినాను.

తడిమట్టి వాసనలో నీలగిరి తైలం వాసన కలిసింది. అత్త గుండెలకి రాసుకునేది. ఆ సీసా నేనే పారేసినాను.

అన్నయ్య పేరు పక్క ప్లస్ నొక్కితే అత్త పేరు వచ్చింది. దాని పక్కన... ఇంకో ప్లస్.

ఆమె కింద ఎవరూ లేరు. రిజిస్టర్లో లేరు. నేను ఎక్కించలేదు. లోపల ఎందరున్నారో అంకె చూపించేలా నేనే రాసినాను. అక్కడ ఒకటి అని ఉంది.

చెవి పక్కనే ఎవరో ఊపిరి లాగుతున్నారు... పిల్లికూతలు.

"భానూ... నాను అగుపడతన్నానేట్రా?"

"అగుపడతన్నావత్తా." ఈసారి చూసే అన్నాను.

"మరైతే నా కిందోల్లని సూడు."

నొక్కకూడదనుకున్నాను. వేలు వినలేదు. ఒక ప్లస్ లోపల ఇంకొకటి... దాని లోపల ఇంకొకటి... అన్నీ కుడికి జరిగి, చివరి అంచున చోటు లేక ఒక్కో అక్షరం ఒక్కో వరసలో దిగింది.

అ.

క్షి.

త.

పక్కగదిలోకి పరిగెత్తినాను. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. అవే పిల్లికూతలు. గుండెల మీద చెయ్యి వేస్తే జిడ్డుగా తైలం తగిలింది. సంఘం కార్యదర్శి రామమూర్తి గారికి ఫోన్ చేసి, సిలిండర్ కావాలి, పేరు అక్షిత అని ఏడ్చినాను. పిల్లని ఎత్తుకుని లాప్‌టాప్ దగ్గరికొచ్చినాను. అవతల ఆయన పేజీ తిప్పుతున్నాడు.

"అలాటి పేరు లేదు బాబూ."

"ఉందండీ, నా ముందే ఉంది..." అన్నాను.

నా ముందే... కింద నుంచి ఒక్కో అక్షరం మడుచుకుపోతోంది. త పోయింది. క్షి పోయింది.