తల్లిని లోపల పెట్టుకునే కదిలిన కొట్టు

పొద్దున్నే వెర్నా పెనం మీద పిండి రొట్టెలు వేయించి, పైన బెల్లంపాకం పోసి తల్లి సెలీనా ముందు పెట్టింది. ఆమె వాటిని ముట్టుకోలేదు. కోటు తొడుక్కుని, వాలు దిగి వెళ్లిపోయింది.

కింద నీటి ఒడ్డున వెర్నా నాన్న వలలు బాగుచేసుకున్న చెక్క కొట్టు ఉంది. తాతల నాటిది. నాన్న చనిపోయిన చలికాలంలోనే సముద్రం దాని గుమ్మం దాకా వచ్చింది. కూలనివ్వకూడదని ఊరంతా పట్టుబట్టింది. న్యూఫౌండ్‌లాండ్‌ దీవిలో ఇళ్లను తాళ్లతో లాగి చోటు మార్చడం కొత్తేమీ కాదు. దాన్ని చర్చి పక్కకు లాక్కెళ్లి, కింద పిల్లలకు వల అల్లడం నేర్పాలనీ, పైన టీ గది పెట్టాలనీ అనుకున్నారు. ఊరి సమావేశంలో ఆ హుషారులో వెర్నా లేచి, అమ్మ ఒప్పుకుంటుందని అందరి ముందూ చెప్పేసింది. ఆ సంగతి సెలీనాకు మర్నాడు దుకాణంలో తెలిసింది.

వెర్నా ఒడ్డుకు వచ్చేసరికి పక్క రేవుల వాళ్లతో సహా జనం తాళ్లు పట్టుకుని నిలబడ్డారు. కొట్టు కింద దుంగలు పరిచి ఉన్నాయి. ఆమె మనసు తెల్లవారకముందు నుంచీ ఉత్సాహంతో ఎగురుతూనే ఉంది. కానీ కొట్టు తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది.

లాగేటప్పుడు పాట అందుకోవలసిన ఇలై బాబాయి తలుపు తట్టాడు. "వదినా, అంతా సిద్ధం. బయటికి రా."

"రాను."

జనంలోంచి ఎవరో, వేడి రొట్టెల వాసన చూపిస్తే వస్తుందేమో అన్నారు. నవ్వులు. వెర్నా నవ్వలేక, వెనక కిటికీ ఎక్కి లోపలికి దూకింది. నాన్న బల్ల మీద సెలీనా, సగం అల్లిన వల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నన్నడగాలని తోచలేదుటే?"

"అడిగితే వద్దనేదానివి."

"అనేదాన్నే. నాలుగు రోజులు నీతో మాట్లాడేదాన్ని కాదు. ఒక్కదాన్నే ఏడ్చుకుని, తర్వాత సరే అనేదాన్ని. ఆ నాలుగు రోజులు కూడా నాకు లేకుండా చేశావు."

ఊరంతా ఎదురు చూస్తోంది. వెర్నా కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"తాళ్లు విప్పేయండి బాబాయ్. తప్పు నాది."

బయట నవ్వులు ఆగిపోయాయి.

"ఎవరే విప్పమన్నది?" అంది సెలీనా వెనక నుంచి. "నేను బయటికి రానన్నాను. లాగొద్దన్నానా?"

ఒడ్డంతా ఒక్కసారిగా కేకలేసింది. ఇలై బాబాయి పాట ఎత్తుకున్నాడు. చరణం చివర అందరూ ఒక్క ఊపు లాగారు. కొట్టు మూలిగింది, ఒరిగింది, కదిలింది. బల్ల జారిపోతుంటే తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకున్నారు. కిటికీలో సముద్రం కిందికి దిగిపోతోంది. ఎడమ వైపు వాళ్లు నిద్రపోతున్నారా అని సెలీనా కిటికీలోంచి అరిచింది. వెర్నా చిన్నపిల్లలా నవ్వింది.

చర్చి పక్కకు చేరాక ఇలై బాబాయి చెయ్యెత్తి అందరినీ ఆపాడు. చెమట తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"వదినా, గుమ్మం ఎటు తిప్పమంటావు?"

సెలీనా పెదవులు కదిలాయి. కళ్లు నిండి, నీళ్లు చెంపల మీదికి జారాయి. తాళ్లు చేతుల్లోనే పట్టుకుని జనం నిలబడ్డారు. సముద్రం వైపుకే అన్న జవాబు వెర్నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని, ఆమె చెప్పేదాకా ఆగింది.