దూది వదులుగా పెట్టాలి

"దాన్ని బాల్కనీలోకన్నా తీసకపో, లేకుంటే నన్నే బాల్కనీలో పండుకోమను," అంది మహబూబ్బీ. పొద్దున టిఫిన్ దగ్గర మొదలైన మాట, మధ్యాహ్నం అన్నం వండే వేళకూ తెగలేదు.

లాల్ అహ్మద్ చేతిలోని వేప్‌ను, ఆ బ్యాటరీ సిగరెట్టును, మరోసారి పీల్చాడు. అది ముందు చిటపటలాడింది. తర్వాత కుక్కరు విజిలేసే ముందు వచ్చే సన్నటి కూత పెట్టింది.

"సిగరెట్టు మానమన్నావు, మానినా. ఇప్పుడు ఇదీ వద్దంటే ఎట్లమే?"

"పొగ మానమన్నా గానీ, నోట్లో తాలింపు పెట్టుకోమన్నానా?"

కూతురు జాహెదా నవ్వు కనబడకుండా ఉల్లిపాయల మీదికి వంగింది.

ఆ ఇంట్లో మాట్లాడుకోని మాట ఇంకొకటి ఉంది. నెలాఖరుకు ఇకామాలు, సౌదీలో ఉండనిచ్చే కార్డులు, రెన్యూ చేయాలి. ఇంట్లో ఒక్కో మనిషికి సర్కారుకు కట్టే లెవీ ఏటేటా పెరిగి, స్టోర్‌కీపర్ జీతానికి అందకుండా పోయింది. తల్లీకూతుళ్లను ఫైనల్ ఎగ్జిట్ మీద, మళ్లీ తిరిగి రాకుండా, సొంతూరు రాయచోటికి పంపేసి, తనూ కొడుకు ఖాదరూ జెద్దాలోనే ఏదో బ్యాచిలర్ రూములో సర్దుకోవాలని లాల్ అహ్మద్ అనుకున్నాడు. టికెట్లు కొనడానికి మాత్రం మనసు రావడం లేదు.

అన్నాలయ్యాక ఖాదర్ ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

"ఈడు ఖాజా. ఊరు కదిరి. మొబైళ్లు రిపేరు చేస్తాండె. ఆ షాపుల్లో సౌదీలే పని చేయాలన్నాక ఏసీ వర్క్‌షాపులో చేరినాడు. నాయనా, నీ కూతల మిషన్ ఇట్లియ్యి."

ఖాజా పేపరు పరిచి, వేప్ మూత తీశాడు. లోపల రెండు చిన్న స్తంభాలు, వాటి మధ్య బాల్‌పెన్ స్ప్రింగులాంటి తీగ చుట్ట, చుట్టలోంచి దూర్చిన దూది.

"ఒగ స్క్రూ వదులైంది. చుట్లు ఎడంగా ఉండాయి, గాలి వాటిని కోసుకుంటా పోయి కూత పెడతాంది. అది సర్దుతాలే మామా. కానీ ఈ దూది ఎవరు పెట్టినారు?"

"నేనే. యాం?"

"చానా కూరినారు. లిక్విడ్ లోపలికి పోయేదానికి సందు లేదు. ఇది అంగడి దూది కూడా కాదే."

"మా నాయన ఏకిన దూది, నా తలకింది మెత్తలోది. దూదేకులోనికే దూది నేర్పుతాండావా అబ్బయ్యా?"

ఖాజా పట్టకారుతో దూదిలోంచి ఒక నల్లటి చుక్క తీసి పేపరు మీద పెట్టాడు. పత్తి గింజ తునక.

"చిటపటంతా ఇదే మామా. మీ నాయన దూది మెత్తకు మంచిది. దీనికి ఉడకబెట్టి ఆరబెట్టిన దూది కావాల. మాదీ దూదేకులోళ్ల ఇల్లే. కూరితే మెత్త గాదు, మొద్దు అయితాదని మా ముసలి జేజి తిడతాండె."

వంటింటి గడపలో నిలబడ్డ జాహెదా ఈసారి పైకే నవ్వేసింది. ఖాజా తలెత్తాడు. ఒక్క క్షణం స్క్రూ ఏ వైపు తిప్పాలో మరిచిపోయాడు.

తర్వాత తన సంచిలోని దూదిని వేళ్లతో పోగుపోగుగా విడదీసి, గాలి ఊదినట్టు తేలిక చేసి, చుట్టలో వదులుగా దూర్చాడు. లాల్ అహ్మద్ ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. వేప్ కిక్కురుమనలేదు. మహబూబ్బీ చాయ్ పెట్టింది.

కానీ లాల్ అహ్మద్ చెయ్యి ఊరుకోదు. మంగళవారానికి ఇంకొంచెం దూది కూరాడు. శుక్రవారానికి కూత తిరిగొచ్చింది, దాని వెనకే ఖాజా వచ్చాడు.

"మళ్లా కూరినాడా?"

"మళ్లా కూరినాడు," అంది జాహెదా.

"మీరన్నా చెప్పచ్చు గదా."

"నేను చెప్పి ఆయన వింటే మీకు శుక్రవారం చాయ్ యాడిది?"

మూడో శుక్రవారం జాహెదా ఆ పని తనకే నేర్పమంది. ఖాజా బటన్ నొక్కి చూపించాడు. "చుట్ట నడిమధ్య మొదట ఎర్రబడాల. ఒగ పక్కే ఎర్రబడితే ఆ పక్క మెల్లగా నొక్కాల. తొందరపడితే వంకరపోతాది."

"చానా ఓపికే మీకు."

"తీగల దగ్గర ఉంటాది."

"నేర్చుకోనీలే," అంది పక్కనే బియ్యం ఏరుతున్న మహబూబ్బీ. "ఆయన నోరు తెరిచి చెప్పకున్నా, నెలాఖరుకు మేం ఎగ్జిట్ మీద పోతాండాం. పోయేలోపల వాళ్ల నాయనకు నేర్పించిపోతాది."

ఖాజా చేతిలోని స్క్రూ జారి పడింది. కార్పెట్ కింద దాన్ని వెతకడానికి పావుగంట పట్టింది. లేచాక అతను చాయ్ కూడా తాగలేదు.

తర్వాతి గురువారం జాహెదా పాత తీగ తీసేసి, కొత్తది చుట్టి, చుట్లు దగ్గరికి నొక్కి, దూది వదులుగా పెట్టింది. "ముట్టుకున్నావంటే చూడు నాయనా," అని వేప్ తండ్రికిచ్చింది.

శుక్రవారం పొద్దున జెద్దాలో వాన. గంటలో వీధి కాలువైంది. "వేప్ బాగైందిరా, చప్పుడే లేదు. ఈ నీళ్లలో రావద్దు," అని ఖాదర్ ఫోన్‌లో చెప్తుంటే విని, అంత బాగా ఎందుకు నేర్చుకున్నానా అనుకుంది జాహెదా.

మధ్యాహ్నం బెల్ మోగింది. తలుపు తీస్తే ఖాజా. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత పట్టుకుని ఉన్నాడు. పనిముట్ల సంచి లేదు.

"బాగైందని అన్న చెప్పలేదా?"

"చెప్పినాడు."

"మరి?"

"పని లేకుండా వస్తే లోపలికి రానిస్తారో లేదో చూద్దామని."

జాహెదా తువ్వాలు అందించింది. అతను దాన్ని పట్టుకున్నాడే గాని తుడుచుకోలేదు.

"నా ఇకామాలో ఆమిల్ అని ఉంది జాహెదా. ఉత్త కూలి. ఫ్యామిలీ వీసా రాదు. నిన్ను ఈడ ఉంచుకోలేను, అందుకే నోరు తెరవలే."

"ఉంచుకోమని ఎవరడిగినారు? నేనెట్లాగూ పోతాండా. నువ్వు వస్తావా, చెప్పు."

ఆమె నోట 'నువ్వు' విని ఖాజా ముఖం వెలిగింది.

"రాయచోటిలో ఏసీలు బాగుచేసేటోని అవసరం ఉంటాదా?"

"రాయచోటి ఎండ ఎప్పుడన్నా చూసినావా?"

"నా అగ్రిమెంటు రంజాన్ ముందు దాకా ఉంది."

"ఉండనీ. అంతలోకి నేను ఏదన్నా స్కూల్లో టీచరుగా చేరతా."

"లోపలికన్నా రాండి, బయటికన్నా పోండి," అని వంటింట్లోంచి మహబూబ్బీ కేకేసింది. "వాననీళ్లన్నీ ఇంట్లోకే వస్తాండాయి."

అయిదుగురూ నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ చుట్టూ అన్నానికి కూర్చున్నారు. జాహెదా అందరికీ అన్నం పెట్టి, తనూ కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పింది.

"నాయనా, మాకు టికెట్లు కొను. అమ్మా నేనూ నెలాఖరుకు పోతాం. ఖాజా అగ్రిమెంటు అయిపోయినాక రంజాన్ ముందు వస్తాడు. నిఖా రాయచోటిలోనే. నేను ఒప్పుకున్నా."

ఖాదర్ స్నేహితుడి వంక చూశాడు. ఖాజా కళ్లెత్తలేదు. లాల్ అహ్మద్ నెల రోజులుగా భార్యాబిడ్డలతో అనలేని మాటను కూతురే అనేసింది.

"మరి ఖాజా వాళ్లమ్మకు ఎవరు చెప్పేది?" అంది మహబూబ్బీ.

"నేనే ఫోన్ చేస్తా," అన్నాడు లాల్ అహ్మద్. "ముందు పిల్లోణ్ణి అన్నం తిననీ."