గాలి పోతే నీళ్ళు పోవాలి

కుమ్హారి స్టేషన్ దాటాక రైలు కట్ట పక్కన భిలాయి ఉక్కు కర్మాగారం స్టోర్స్ ఇన్‌స్పెక్టర్ శవం దొరికిన నాలుగో రోజున, ఏజెంట్ పరబ్రహ్మం దుర్గ్ స్టేషన్లో దిగాడు. బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, పెట్టుడు మీసం, చేతిలో తోలు సంచి. సంచిలో వాల్వుల కేటలాగు. జేబులో కెమెరా దాగిన ఫౌంటెన్ పెన్ను.

పేరు చూసి నవ్వకండి. అలాంటి పేరున్నవాడు గూఢచారి అని శత్రువు కలలో కూడా అనుకోడని డిపార్టుమెంటు నమ్మకం. ఢిల్లీలో పుట్టి, ఢిల్లీలోనే పెరిగినవాడు. ఆరు భాషలు క్షుణ్ణంగా వచ్చునని అతని ఫైల్లో రాసి ఉంది. ఏడోది సొంత భాష, తెలుగు. దాన్ని ఎవరూ పరీక్ష పెట్టి చూడలేదు.

అంతకు ముందు రోజు చీఫ్ వాసుదేవరావు గదిలో బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగిసింది.

"మే ఇరవై రెండు. ఉదయం పదకొండు. భిలాయిలో రెండు దేశాల మంత్రులు రెండో నంబరు బ్లాస్ట్ ఫర్నేస్ ముందు నిలబడతారు."

"టార్గెట్ మంత్రులా?"

"ఫర్నేస్. అది పేలితే మంత్రులు ఎలాగూ పోతారు. మన రెండు దేశాల స్నేహమూ పోతుంది. ఒక విదేశీ ముఠాకి కావలసింది అదే."

"ఎలా పేలుస్తారు సార్?"

"అది తెలిస్తే నువ్వెందుకయ్యా? చనిపోయిన ఇన్‌స్పెక్టర్ పంపిన ఆఖరి టెలిగ్రాంలో రెండే మాటలున్నాయి. వాల్వు చూడండి."

పరబ్రహ్మం ఎనిమిది రోజుల్లో చేయవలసిన పని ఒక్క రోజులో చేశాడు. కేటలాగు మొత్తం రైల్లో బట్టీపట్టాడు. ఏ వాల్వు ఎన్ని అంగుళాలు, దేనికి ఏ గాస్కెట్టు, అన్నీ గడగడా చెప్పగలడు. వాల్వు ఎందుకు ఉంటుందో మాత్రం ఆలోచించలేదు. అది కేటలాగులో లేదు.

స్టేషన్ బయట నీలం చీర, నల్ల కళ్ళద్దాలతో ఒక యువతి కుండల బండి దగ్గర నిలబడి ఉంది. అతను వెళ్ళి హిందీలో అడిగాడు.

"కుమ్హారి కుండల్లో నీళ్ళు చల్లగా ఉంటాయా?"

"పోసి చూస్తేనే తెలుస్తుంది," అంది ఆమె.

కోడ్ సరిపోయింది. ఆమె పేరు ఛాయ. కర్మాగారంలో విదేశీ నిపుణులకు దుబాసీ. రెండేళ్ళుగా డిపార్టుమెంటుకి రహస్యంగా సమాచారం అందిస్తున్న మనిషి. ఆమె నవ్వితే పరబ్రహ్మానికి కేటలాగులో సగం మరిచిపోయినట్టయింది.

"ఫర్నేస్ నీళ్ళ పైపుల పని చూసే ఫిట్టర్ ఒకడున్నాడు. మరియదాసు. మీ భాషవాడే," అంది ఆమె కారు నడుపుతూ. "అతన్ని కనిపెట్టి ఉండండి."

మరియదాసుది విజయనగరం వైపు ఊరు. యాభై దాటాయి. వాల్వుల కంపెనీ మనిషిగా వచ్చిన పరబ్రహ్మానికి తెలుగు వచ్చని వినగానే ఆయన అతన్ని వదల్లేదు. ఆదివారం చర్చి కాగానే క్యాంపులోని క్వార్టరుకి భోజనానికి లాక్కెళ్ళాడు. ఆయన భార్య చిన్నమ్మలు మెత్తళ్ళ చేపల కూర వడ్డించింది.

"మొహమాటపడకు తమ్ముడూ. డిల్లీలో ఇవి దొరకవు గదేటి?" అంటూ మారు వడ్డించింది.

పరబ్రహ్మం నిజంగానే మొహమాటపడలేదు. మూడుసార్లు పెట్టించుకున్నాడు.

"బాబూ, ఒక మాట," అన్నాడు మరియదాసు చెయ్యి కడుక్కుంటూ. "రెండో నంబరుకి నీల్లు పంపే కొత్త వాల్వు మీ కంపినీదేనా? నాకెందుకో అది సరిగా నేదనిపిస్తంది. పెద్దోలకి సెప్తే, జావ్ బుడ్డా, నీ పని సూసుకో అన్నారు. మీరైనా ఓపాలి విప్పించి సూడండి."

తన వేషం బయటపెట్టించడానికి వేసిన ఎత్తు అనుకున్నాడు పరబ్రహ్మం. ఛాతీ విరుచుకుని, "మా కంపెనీ వాల్వుకి తిరుగులేదు," అన్నాడు. కేటలాగు మొదటి పేజీలోని మాట అది.

మరియదాసు తుండుగుడ్డ అందించాడు.

ఇరవై ఒకటో తారీఖు మధ్యాహ్నం ఛాయ అతన్ని వాల్వు పిట్‌కి తీసుకెళ్ళింది. నేలలోకి తవ్విన సిమెంటు గది అది. లావుపాటి పైపులు, ఎనిమిది చేతి చక్రాలు, మధ్యలో ఎర్ర రంగు వేసిన కొత్త వాల్వు. దాని ఒంటి మీద సుద్దముక్కతో ఏదో రాసి ఉంది.

"మరియదాసు రాత. మీ భాష నాకు రాదు," అంది ఛాయ. "మీరే చదవండి."

చదివాడు. గాలి పోతే నీళ్ళు పోవాలి.

ఈ వాల్వు పనిచేసేది గాలి ప్రెషర్ మీద. గాలి పోగొట్టడం, దాంతో నీళ్ళు పోగొట్టడం. చల్లబరిచే నీళ్ళు పోతే ఫర్నేస్ పేలుడు. ప్లాన్ అంతా నాలుగు మాటల్లో! ఫౌంటెన్ పెన్నుతో మూడు ఫోటోలు తీశాడు. "ముఠాలో ఇంకెవరూ చదవకూడదు, చెరిపేయండి," అని ఆర్డరు వేశాడు. సెక్యూరిటీవాళ్ళు పిట్‌లో ఉన్న సుద్ద రాతలన్నీ, చక్రాల మీదవి కూడా, తడిగుడ్డతో తుడిచేశారు.

గంటలో మరియదాసుని ఇంటి దగ్గరే పట్టుకున్నారు. చిన్నమ్మలు గుమ్మంలో నిలబడి పరబ్రహ్మం ముఖంలోకి చూసింది. పెట్టుడు మీసం తీసేసిన ఆ ముఖాన్ని ఆమె వెంటనే గుర్తుపట్టింది. అతను వాచీ చూసుకున్నట్టు తల తిప్పుకున్నాడు.

సెక్యూరిటీ గదిలో విచారణ.

"ఆ వాల్వు మీద రాసింది నువ్వేనా?"

"నానే బాబూ. పెతి వాల్వు మీదా రాత్తాను."

"గాలి పోతే నీళ్ళు పోవాలి. అదేనా నీ కోరిక?"

"కోరికేటి బాబూ, పోవాలి గదా! నీల్లు పోకపోతే..."

పరబ్రహ్మం లాగి చెంప మీద కొట్టాడు. ముసలాయన పడబోతూ సంకెళ్ళు వేసిన చేతి మీద వాలాడు. మణికట్టు మెలికపడింది. ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది. దాన్ని పూర్తి కానిస్తే ఈ కథే లేదు.

అతను ఢిల్లీకి సందేశం పంపాడు. నేరస్థుడు ఒప్పుకున్నాడు. రాతను ఇంగ్లీషులోకి మార్చి జతచేశాడు. ఇఫ్ ఎయిర్ ఈజ్ లాస్ట్, వాటర్ మస్ట్ బీ లాస్ట్. చివర రెండు మాటలు: ఆల్ క్లియర్.

ఇరవై రెండు ఉదయం పదింటికి, రిపోర్టుకి ఇంకేమైనా కాగితాలు దొరుకుతాయేమోనని మరియదాసు క్వార్టరుకి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. చిన్నమ్మలు పెరట్లో అంట్లు తోమే చప్టా దగ్గర కూర్చుని, తూములో పుల్ల పెట్టి పొడుస్తోంది. మురికి నీళ్ళు చప్టా అంతా నిలిచిపోయాయి.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు, అధికారం తెచ్చిపెట్టుకుని.

ఆమె తలెత్తలేదు. "నీల్లు పోవట్లేదు సారూ."

తమ్ముడూ అన్న నోటితో సారూ అంది. అది ఎక్కడో గుచ్చుకుంది. అతను కాగితాల కోసం లోపలికి వెళ్ళబోయాడు. వెనక గడగడమని చప్పుడైంది.

"ఆఁ, ఇప్పుడు పోతన్నాయి," అంది చిన్నమ్మలు తనలో తను.

పరబ్రహ్మం గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏమన్నావు?"

"నీల్లు పోతన్నాయన్నాను. పోవాలి గదా సారూ, నేకపోతే ఇల్లంతా నిండిపోదేటి?"

తూములోంచి నీళ్ళు పోతున్నాయి. అంటే పారుతున్నాయి. కరెంటు పోయిందంటే లేకుండా పోయిందని. కాలవలో నీళ్ళు పోతున్నాయంటే పారుతున్నాయని. తెలుగు పిల్లలందరికీ తెలిసిన ముక్క. గాలి ప్రెషర్ లేకుండా పోతే, నీళ్ళు పారాలి! మరియదాసు రాసింది కుట్ర కాదు. ఫర్నేస్ కాపాడే వాల్వు ఎలా ఉండాలో రాసుకున్నాడు. అదే వాల్వు సరిగా లేదని అన్నం పెట్టి మరీ చెప్పాడు. దానికి తను చెంపదెబ్బ కొట్టాడు.

పరబ్రహ్మానికి సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. చిన్నమ్మలు వైపు చూసే ధైర్యం చాలక జీపు దగ్గరికి పరిగెత్తాడు.

మొదటి టెలిఫోన్ దగ్గర జీపు ఆపి, మంత్రుల విజిట్ ఆపమన్నాడు. అవతలి సెక్యూరిటీ అధికారి విసుక్కున్నాడు. "ఆల్ క్లియర్ ఇచ్చింది తమరే కదా సార్? మంత్రులు బయల్దేరిపోయారు."

పది నలభై. సెక్యూరిటీ గది తలుపు తీసి తనే స్వయంగా సంకెళ్ళు విప్పాడు.

"మరియదాసుగారూ..." నువ్వు అని పిలిచిన నోటికి ఆ 'గారు' బరువైంది. "నీళ్ళు పోవాలంటే... పారాలనే కదండీ?"

ముసలాయన ఎర్రబడిన చెంపతో అతని వంక వింతగా చూశాడు. "మరేటనుకున్నారు బాబూ?"

ఇద్దరూ జీపెక్కారు.

దారిలో మరియదాసే మాట్లాడాడు. "అసలు వాల్వుకి స్ప్రింగుంటాది బాబూ. గాలి దాన్ని నొక్కి పట్టుకుంటాది. గాలి పోనాదనుకో, స్ప్రింగు తన్ని వాల్వు తెరిసేస్తాది. నీల్లు ఆగవు. ఈ కొత్తదాని రంగదే, నంబరదే, నోపల స్ప్రింగు మాత్రం తిరగేసుందని నా అనుమానం. గాలి పోతే మూసుకుంటాది. ఎవుడో స్టోర్సులో మార్సేసినాడు."

ఆ సంగతి కనిపెట్టినందుకే ఇన్‌స్పెక్టర్ చచ్చాడు.

"వాల్వు ఎంచుకున్నప్పుడు, బాగా పన్జేసినప్పుడు ఏటి సేత్తాదని అడక్కూడదు బాబూ. పన్జెయ్యనప్పుడు ఏటి సేత్తాదో అడగాల."

ఆ మాట వాల్వు గురించే అన్నాడో, తన గురించి కూడా అన్నాడో పరబ్రహ్మానికి తెలియలేదు. అడగడానికి ముఖం చెల్లలేదు.

పది యాభై ఎనిమిదికి పిట్‌లోకి దిగారు. గాలి పైపు మీద ఉన్న ప్రెషర్ గేజ్ చూసి మరియదాసు నొసలు ముడిచాడు. "ఈ గేజీ నాను బిగించింది గాదు. దీని ముల్లు సూడండి, గడియారంలాగ నడుస్తంది."

పరబ్రహ్మం ఆయన్ని లావుపాటి పైపు చాటుకి లాగేశాడు. ఫట్! గేజ్ రూపంలో ఉన్న టైమ్ బాంబు చిన్నదే. గాలి పైపు చీలడానికి చాలినంత. బుస్సుమని గాలంతా పోయింది. ఎర్ర వాల్వు ధన్‌మని మూసుకుంది. అంతవరకూ పైపుల్లో హోరెత్తిన నీటి చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"నాలుగు నిమిసాలు," అన్నాడు మరియదాసు. "ఆపైన ఫర్నేస్‌నోకి గాలి ఊదే రాగి ముక్కులు కరిగిపోతాయి. నీల్లూ నిప్పూ కలుత్తాయి. పైనున్నోలు ఎవులూ మిగల్రు. బైపాసు తెరవాల!"

పరబ్రహ్మం చక్రాల వైపు చూశాడు. ఎనిమిదీ ఒక్కలాగే ఉన్నాయి. ఏది దేనిదో చెప్పే సుద్ద రాతలు నిన్న తనే తుడిపించాడు.

"గోడ పక్కన మూడోది. మీరే తిప్పాల బాబూ." మరియదాసు వాచిన కుడి మణికట్టు చూపించాడు. నింద వేసినట్టు కాదు, పనిముట్టు విరిగిందని చెప్పినట్టు.

పరబ్రహ్మం చక్రం పట్టుకుని తిప్పాడు.

"అటు గాదు, ఎడం పక్కకి! ఎడం!"

ఎడమకి తిప్పాడు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని చక్రం బిగుసుకుపోయి ఉంటుందనుకున్నాడు. వెన్నలా తిరిగింది.

"ఆదివారం ఆదివారం గిరీజు రాత్తాను," అన్నాడు మరియదాసు. "ఇరవై ఎనిమిది సుట్లు. ఆపకండి."

ఇరవై ఒకటో చుట్టుకి పైపులో గురగుర మొదలైంది. ఇరవై ఎనిమిదికి హోరెత్తింది. వాచీ చూస్తే మూడు నిమిషాల యాభై సెకన్లు. పైన ఫర్నేస్ ఒక్కసారి ఆవిరి చిమ్మి ఊరుకుంది. అది కార్యక్రమంలో భాగమనుకుని మంత్రులు చప్పట్లు కొట్టారు.

మరియదాసుని కనిపెట్టమన్నదీ, ఆ రాత చదివించిందీ ఎవరో పరబ్రహ్మానికి అప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం దుర్గ్ స్టేషన్లో కలకత్తా మెయిల్ ఎక్కుతున్న ఛాయని పట్టుకున్నారు. ఆమె సంచిలో అలాంటి గేజ్ ఇంకొకటి దొరికింది.

"రెండేళ్ళుగా మాకు పనిచేస్తూ వాళ్ళకీ పనిచేశావన్నమాట!" అన్నాడు పరబ్రహ్మం పళ్ళు నూరుతూ. "నాకే అబద్ధం చెప్పావు!"

ఛాయ నల్ల కళ్ళద్దాలు తీసి చల్లగా నవ్వింది. "అబద్ధమా? మీ భాష రాదన్నాను. నిజంగా రాదు. చదవమన్నాను. చదివారు. నేను దుబాసీనే కానీ, ఆ అనువాదం మాత్రం మీదే."

చీఫ్ దగ్గర్నుంచి అభినందన టెలిగ్రాం వచ్చింది. దాన్ని రెండోసారి చదవలేక మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం క్యాంపుకి వెళ్ళి, వీధిలో పదిమంది చూస్తుండగా మరియదాసు చేతులు పట్టుకున్నాడు.

"నన్ను క్షమించండి. కొట్టకూడదు. మీ ఇంట్లో తిని..."

"ఊరుకోండి బాబూ, ఊరుకోండి. టయానికి నీల్లు పోనాయి, సాలు," అన్నాడు ముసలాయన. తిట్టినా బాగుండేది.

చిన్నమ్మలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది. "తాగండి సారూ," అని లోపలికి వెళ్ళిపోయింది. తాగడం అయ్యాక కూడా అతను కాసేపు కూర్చున్నాడు. తమ్ముడూ అన్న పిలుపు మళ్ళీ వస్తుందేమోనని. రాలేదు.

తిరుగు ప్రయాణం ముందు రోజు పొద్దున పిట్‌కి వెళ్ళాడు. అసలు వాల్వు బిగించేశారు. కట్టు కట్టిన చేత్తోనే మరియదాసు దాని మీద సుద్దతో రాస్తున్నాడు. గాలి పోతే నీళ్ళు పోవాలి. దాని కింద కొత్తగా ఇంకో వరస. పోవాలంటే పారాలని.

"ఈ రెండోది ఎందుకండీ?" అన్నాడు పరబ్రహ్మం.

మరియదాసు సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

"సదువుకున్నోలు వొస్తంటారు గదా బాబూ."