వందల స్థానంలో రెండు

ఎల్లయ్యను చంపడానికి ఒక్క తూటా సరిపోయింది. చంపినవాళ్లు దాన్ని చౌక బేరమే అనుకున్నారు.

1987 జూలై, మంగళవారం ఉదయం. బొంబాయి గ్రాంట్ రోడ్ స్టేషన్ ఎదుటి ఇస్త్రీ దుకాణంలో శివరాం ఒక చొక్కా బల్ల మీద పెట్టాడు.

"గంజి తక్కువెయ్యి, కాకా."

"వానల గంజి నిలుస్తదా?" అన్నాడు భూమయ్య.

కోడ్ కలిసింది. ఇద్దరూ తడక వెనక్కి నడిచారు.

పైకి శివరాం స్టాక్ ఎక్స్ఛేంజ్ బేరాల హాలైన రింగులో కేకలు పెట్టే జాబర్. పొద్దున కొన్నది సాయంత్రంలోపు అమ్మేసే చిన్న వ్యాపారి. అసలుకి అతను ప్రభుత్వ గూఢచారి, ఏజెంట్ 27. కామాఠిపురాలో ఒంటిగది కాపురాల చాల్‌లో పుట్టిన నాలుగో తరం తెలుగువాడు. భూమయ్య అతని చీఫ్.

"మన ఎల్లయ్యను నిన్న లేపేసిండ్రు. వాల్టర్ అనే ఫారిన్‌వాని పని. లక్ష్మవ్వ చాల్‌ల, పై అంతస్తు ఖోలీల రోబో పెట్టిండంట. దానికి ధరలు టైప్ చేసే కొలువుల మనం దూర్చింది ఎల్లయ్యనే. మరమనిషి షేర్లెట్ల అమ్ముతడు రా?"

"దానికి కాలు లేదు, చెయ్యి లేదు కాకా. కంప్యూటర్‌ల రాసిపెట్టిన ప్రోగ్రాం. ఒక దిక్కు ధర లోపలికి పోతది. మధ్యల రూలు ఉంటది: ధర రెండు రూపాయలు పడితే అయిదు వేల షేర్లు అమ్ము. ఇంకో దిక్కు ఆర్డర్ బయటికొస్తది. భయం లేదు, ఆశ లేదు. చాయ్ కూడ అడగదు."

"దాని అంచనా తప్పితే?"

"స్టాప్‌లాస్ అని ఒక బ్రేక్ పెడ్తరు. ధర ఎదురు తిరిగి ముప్పై రూపాయలు పెరిగిందనుకో, అమ్మిందంత ఎంతకైనా సరే తిరిగి కొనేస్తది."

భూమయ్య గొంతు తగ్గించాడు. నీలాద్రి గేర్స్ మన జలాంతర్గాములకు గేర్లు చేసే కంపెనీ. వాల్టర్ ముఠా తమ చేతిలో లేని షేర్లను రోబోతో అమ్మించి ధర పడగొడుతోంది. మధ్యాహ్నం రెండుకు మార్కెట్ మూసేలోపు అది నూట యాభైకి దిగితే, కంపెనీ పెద్ద వాటాదారు బెదిరి అమ్మేస్తాడు. కంపెనీ శత్రువు చేతిలో పడుతుంది.

"లోపల మన మనిషున్నది. తారాబాయి."

"మనదా? వాల్టర్ దగ్గర గూడ జీతం తీసుకుంటది!"

"అందుకే నువ్వు పోతున్నవ్."

ఒంటిగంటన్నరకు శివరాం పాలమూరు మేస్త్రీ అయ్యాడు. తలకు తువాలు, భుజాన నిచ్చెన, చేతిలో తారు డబ్బా, డబ్బా దొంగ అడుగులో రేడియో ట్రాన్స్‌మిటర్. బటన్ నొక్కితే పోలీసులు వస్తారు.

మెట్ల మీదే చాల్ యజమానురాలు లక్ష్మవ్వ పట్టుకుంది. "మూడు రోజుల సంది పైకప్పు కారి, పై ఖోలీల నుంచి నా వంటింట్ల నీళ్లు నిండవట్టె. ఇప్పుడొస్తివా, నవాబ్?" అని తానే ఆ పై ఖోలీ తలుపు బాది అతన్ని లోపలికి తోసింది.

పచ్చ అక్షరాల స్క్రీన్. ప్రింటర్. మూడు ఫోన్లు. స్క్రీన్ ముందు ఊదారంగు షిఫాన్ చీరలో తారాబాయి. ఒక ఫోన్లో రింగు నుంచి ధర వినబడుతుంది, ఆమె దాన్ని టైప్ చేస్తుంది. ప్రింటర్ చీటీ కక్కుతుంది. ఇద్దరు తెల్లవాళ్లు ఆ ఆర్డర్‌ను మిగతా ఫోన్లలో బ్రోకర్లకు చదువుతారు. వాళ్ల వెనక సూటులో వాల్టర్.

"పదహారు... ఎనిమిది... రెండు."

శివరాం నిచ్చెన మీద నుంచి విన్నాడు. రింగులో ఎవడూ వందలు పలకడు. రెండు వందల రెండును 'రెండు' అంటాడు. వందలు అందరికీ తెలుసు, ఒక్క యంత్రానికి తప్ప. నిన్నటిదాకా టైప్ చేసే ముందు వందలు చేర్చినవాడు ఎల్లయ్య, ఈరోజు తారాబాయి. వాల్టర్ దాన్ని ఒక పనిగానే లెక్కపెట్టలేదు.

"మేస్త్రీ," వాల్టర్ హిందీలో పిలిచాడు. "నీ చేతులకు కాయలేవి?"

పిస్టల్ బయటికి వచ్చింది. శివరాం బటన్ నొక్కాడు. ఠాణా నుంచి జీపు రావడానికి పది నిమిషాలు. తూటాకు అంత సమయం అక్కర్లేదు.

"మార్కెట్ మూసే గంట మోగాక కాల్చుకో," తారాబాయి తల తిప్పకుండా హిందీలోనే అంది. "ఇప్పుడు కాలిస్తే చాల్ మొత్తం పైకొస్తుంది."

ఆమె ఎవరి వైపో శివరాంకు తేలలేదు. అప్పుడే ఫోన్ పలికింది. "తొంభై ఎనిమిది."

నూట తొంభై ఎనిమిది. రెండు వందల గోడ కూలింది.

"బాయీ," శివరాం వాల్టర్‌కు అర్థం కాని తెలుగులో అన్నాడు. "వందలు మార్చకు, రెండే ఉంచు. నీకీ పని నేర్పినోడు ఎల్లయ్యనే కద."

"నోర్ముయ్. నాకు నేర్పకు."

ఆమె వేలు ఒకటి మీద ఆగింది. వాల్టర్ చూస్తున్నాడు. వేలు పక్కకు జరిగి రెండును నొక్కింది.

298.

రోబోకు ఆలోచన లేదు. అమ్మిన ధర మీద తొంభై ఆరు రూపాయలు పెరిగిందనుకుంది. బ్రేక్ పడింది. ప్రింటర్ మోత మోగింది: కొను, అంతా కొను, ఎంతకైనా కొను.

వాల్టర్ ముఖం పాలిపోయింది. కానీ యంత్రానికి ఎవరూ అడ్డు రాకూడదన్న రూలు అతనిదే. "చదవండి! త్వరగా!"

వాళ్లు కొన్నకొద్దీ ధర నిజంగానే లేచింది. "ఐదు... ఇరవై... నలభై." తారాబాయి 305, 320, 340 కొట్టింది. గడియారంలో రెండయింది. మూసే గంట మోగాక మాత్రం రింగులో ముగింపు ధర పూర్తిగా చదువుతారు.

"రెండు వందల నలభై ఒకటి."

వాల్టర్ స్క్రీన్ చూశాడు. 340. పిస్టల్ తారాబాయి వైపు తిరిగింది. నిచ్చెన మీద నుంచి తారు డబ్బా అతని నెత్తిన పడింది. తూటా గోడలో దిగింది. మెట్ల మీద పోలీసు బూట్లు మోగాయి.

"నా యంత్రం తప్పు చేయదు," బేడీల్లో వాల్టర్ గొణిగాడు.

"చేయలేదు. వందల లెక్క చూసేవాణ్ణి మీరే చంపుకున్నారు. ఆ తూటా చాలా ఖరీదైంది, సాబ్."

తారాబాయి చీర మీది తారు మరక చూసుకుంటూ, "దీని పైసలు ఎవరిస్తరు? నువ్వా, భూమయ్యనా?" అంది.

శివరాం నోరు తెరిచేలోపు గుమ్మంలో లక్ష్మవ్వ ప్రత్యక్షమైంది. "దొంగలను పట్టినవ్, మంచిగుంది. మరి నా కప్పు?"

శివరాం డబ్బాలోకి చూశాడు. తారంతా వాల్టర్ సూటు మీదే ఉంది.