బండిలో రెండో ఊపిరి

డెన్మార్క్‌లో చంటిపిల్లల్ని పగటిపూట పెరట్లో పడుకోబెడతారు. మంచు కురుస్తున్నా అంతే. ఉన్ని బట్టలు తొడిగి, ఈకల దుప్పటి కప్పి, పెద్ద చక్రాల బండిలో ఉంచి వచ్చేస్తారు. చల్లగాలికి పిల్లలు గట్టిపడతారని వాళ్ళ నమ్మకం. అక్కడ ఒక ఇంట్లో పాపను చూసుకునే పనికి వచ్చిన కొత్తలో, అలా వదిలి రావాలంటే రొవేనాకు మనసొప్పేది కాదు. తర్వాత అలవాటైంది. ఆ ఇంటి పాప ఎల్లెన్‌ను పడుకోబెట్టి, బండిలోని చప్పుడు వినిపించే బేబీ మానిటర్‌ను వంటింటి కిటికీలో పెట్టుకుని, పాప ఊపిరి వింటూ బంగాళాదుంపలకు చెక్కు తీసేది.

ఇంటావిడ రిక్కె మంచి మనిషి. మొదటిరోజు రొవేనా "మేడమ్" అంటే, "అలా పిలవకు, మా అత్తగారు వచ్చిందేమోనని వెనక్కి చూస్తాను" అని నవ్వింది. తమ బల్ల దగ్గరే కూర్చోబెట్టి తినిపించేది. ఏడాదిపాటు ఇంట్లో ఒకరిగా ఉండి, పాపను చూసుకుని, ఆ దేశపు భాష నేర్చుకుని వెళ్ళడం ఒప్పందం. ఒకటే షరతు. వచ్చే అమ్మాయికి పిల్లలు ఉండకూడదు. ఉన్నారని తెలిస్తే ఆ దేశంలో ఉండే అనుమతి రద్దు చేసి వెనక్కి పంపిస్తారు.

రొవేనాకు లివాయ్ ఉంది. ఐదేళ్ళ పిల్ల. ఫిలిప్పీన్స్‌లో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది.

పిల్లలు లేరని చెప్పి వచ్చింది రొవేనా. అక్కడితో ఆగినా బాగుండేది. ఫోనులో బిడ్డ "మామా" అంటే, అది అమ్మను పిలవడమేనని ఏ దేశంవాళ్ళకైనా అర్థమైపోతుందని, తనను అక్కా అని పిలవమని నేర్పింది. లివాయ్ మొదట్లో పొరబడి నాలిక కరుచుకునేది. తర్వాత పొరబడటం మానేసింది. అవసరం పెద్దదే కావచ్చు. పరాయి బిడ్డను ఎత్తుకోవడం కోసం సొంతబిడ్డ నోట్లోంచి ఆ మాట లాగేసుకోవడం మాత్రం తప్పే.

చలికాలంలో లివాయ్‌కు డెంగ్యూ జ్వరం వచ్చింది. అమ్మమ్మ ఆస్పత్రి నుంచి ఫోను చేసి బిడ్డ చెవి దగ్గర పెట్టింది. ఇక్కడ రిక్కె పక్కనే నిలబడి కాఫీ పోసుకుంటోంది.

"అక్కా," అంది లివాయ్ నీరసంగా. "ఇవాళొక్కసారి అమ్మా అననా?"

రొవేనా రిక్కె వీపు వంక చూసింది.

"ఇప్పుడొద్దు బంగారం. తర్వాత."

తెల్లవారేసరికి బిడ్డ పోయింది.

చెల్లెలు పోయిందని చెప్పింది రొవేనా. రిక్కె ఆమెను పట్టుకుని ఏడ్చింది. టిక్కెట్టు కొంటాను, వెళ్ళి రమ్మంది. వెళ్తే ఊళ్ళో తల్లిలా ఏడవాలి, తిరిగొచ్చి అక్కలా కనిపించాలి. రొవేనా వెళ్ళలేదు.

ఆ తర్వాతి వారం, ఒక మధ్యాహ్నం. ఆ రోజుల్లో అక్కడ మూడింటికే వెలుతురు పలచబడిపోతుంది. పెరడంతా బూడిదరంగు మంచు. గాలి లేదు. మానిటర్‌లో ఎల్లెన్ ఊపిరి నెమ్మదిగా, ఒక్క తీరుగా వస్తోంది.

దాని పక్కన ఇంకొక ఊపిరి.

పొట్టిపొట్టిగా... తడబడుతూ... జ్వరంలో ఉన్న పిల్ల తీసే ఊపిరి.

రొవేనా కత్తి కింద పెట్టింది. యంత్రం చెడిపోయిందేమో అనుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది.

"అక్కా... చలేస్తోంది."

మానిటర్ చేత్తో పట్టుకునే, చెప్పులైనా వేసుకోకుండా పెరట్లోకి పరుగెత్తింది. బండిలో ఎల్లెన్ ఎర్రబడ్డ బుగ్గలతో నిద్రపోతోంది. కానీ ఆ మంచులో కొబ్బరినూనె వాసన. చెమటకు తడిసిన జుట్టు వాసన. దుప్పటి కింద, పాప కాళ్ళ దగ్గర, చెయ్యి పెడితే పరుపు జ్వరమొచ్చిన ఒళ్ళులా కాలిపోతోంది.

రొవేనా మంచులో మోకాళ్ళమీద కూలబడింది.

"అమ్మా అను తల్లీ. ఇప్పుడు అను. ఎవరు విన్నా సరే."

ఏమీ వినపడలేదు. ఆ రెండో ఊపిరి కూడా ఆగింది.

వెనక అడుగుల చప్పుడైంది. పనినుంచి అప్పుడే వచ్చిన రిక్కె, కోటు విప్పకుండానే పెరట్లోకి వచ్చింది. ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది.

"పోయింది నా చెల్లెలు కాదు," అంది రొవేనా. "నా కూతురు. నాకు పిల్లలు లేరని అబద్ధం చెప్పాను."

రిక్కె ముఖంలో ఉన్నది కోపమో జాలో ఆ మసక వెలుతురులో తెలియలేదు. తర్వాత వంగి ఎల్లెన్‌ను ఎత్తి భుజాన వేసుకుంది. పాప బరువు తీసేశాక బండి స్ప్రింగులు పైకి లేవాలి.

లేవలేదు.

రిక్కె బండి వంక చూస్తూ ఉండిపోయింది.

"ఎవరది..." గుసగుసగా అంది. "నన్ను అమ్మా అంటున్నారు. మా భాషలో..."

ఎల్లెన్‌కు ఇంకా మాటలు రాలేదు. రొవేనాకు ఏమీ వినపడలేదు. చెవులు రిక్కించింది, ఊపిరి బిగబట్టింది. ఒక్క ముక్క కూడా వినపడలేదు.

"నేనిక్కడున్నాను తల్లీ," అంది. "ఇటు... ఇటు చూడు."

రిక్కె ఖాళీ చెయ్యి నెమ్మదిగా కిందికి జారింది. అరచెయ్యి తెరుచుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి, లోపల చిన్న చెయ్యేదో ఉన్నట్టు.

బండి స్ప్రింగులు కిర్రుమని పైకి లేచాయి.

రిక్కె ఇంటివైపు నడిచింది. ఎప్పటిలా పెద్ద అంగలు కావు. చిన్న చిన్న అడుగులు వేసింది. గుమ్మం ముందు మెట్టు దగ్గర ఆగింది. పక్కనున్నవాళ్ళు ఎక్కేదాకా కాచుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుంది.