వెనక సీటు

బస్సు, రైలు, ఆటో, అద్దె సైకిల్ అన్నిటికీ కలిపి ఒకే కార్డు వచ్చిందట. దాన్ని ఎలాంటివాళ్ళు వాడతారు, వాడనివాళ్ళు ఎందుకు వాడరు అని సర్వే అమ్మాయి పొద్దున్నే ఇంటింటా అడుగుతోంది. ఈ ఇంట్లో ఒక్కొక్కరినీ వయసూ పనీ అడగబోతే, మెకానిక్ పని చేసే కొడుకు గుమ్మానికి అడ్డంగా నిలబడి ముగ్గురి జవాబులూ తనే చెప్పేశాడు. భార్యను ఆసుపత్రి డ్యూటీకి తన బండి మీదే దింపుతాడట. తల్లికి బయట పనే లేదట. ఆ కార్డు తన గడప తొక్కదని కూడా రాసుకోమన్నాడు.

కుట్టుమిషను ముందున్న తల్లికి ఒళ్ళు మండింది. ఆ బండి సంగతి ఆమెకు తెలియనిదా? కోపం వచ్చిన రోజున తాళం జేబులో వేసుకుని చక్కా పోతాడు. నర్సుగా చేసే కోడలి పాత ఉద్యోగం అలాగే ఊడింది. ఈమధ్య తను అలిగి వెళ్ళిన రోజుల్లో భార్య ఇంట్లోనే పడి ఉంటోందనుకుంటున్నాడు, మహానుభావుడు.

"నా జవాబు నేను చెప్తాను," అంటూ కోడలు ముందుకొచ్చింది. "ఆ కార్డు నా దగ్గరుంది. నెలరోజులుగా దానిమీదే తిరుగుతున్నాను."

అతని మొహం చూసి సర్వే అమ్మాయి గబగబా మెట్లు దిగింది. తలుపు ధడేలుమని పడింది.

మొదటి దెబ్బకే కోడలి పెదవి చిట్లింది. రెండోదానికి తల గోడకు తగిలింది. ఎవడికోసం తిరుగుతున్నావని అరుస్తూ జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమె ఫోను లాక్కుని పానాతో చితక్కొట్టాడు. ఇలాంటప్పుడు మిషను గట్టిగా తొక్కడం తల్లికి అలవాటు. ఆ చప్పుడులో ఏడుపు వినపడదు. ఇవాళ మాత్రం కాలు ఆడలేదు.

"కాళ్ళుంటేనే కదా బస్సెక్కుతావు," అంటూ అతను కోడలి మోకాలి మీదికి పానా ఎత్తాడు.

తల్లి ఇస్త్రీపెట్టె ఎత్తి ఉన్న బలమంతా పెట్టి కొడుకు మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

అతను నేలమీద పడి గిలగిలా కొట్టుకున్నాడు. కోడలు నెత్తురు తుడుచుకుని, అట్టముక్క ఆనించి అతని చేతికి గుడ్డపీలిక కట్టింది. ఆసుపత్రికి బండి నడపడానికి స్నేహితుణ్ణి పిలవమన్నాడు. బస్సులో వస్తే రమ్మని, లేకపోతే అక్కడే ఉండమని చెప్పి ఆమె చెప్పులేసుకుంది. ముగ్గురూ ఎక్కిన బస్సులో అందరూ కోడలి పెదవినే చూశారు. అతను తల ఎత్తలేకపోయాడు.

ఏమైందని డాక్టరు అడిగాడు. మెట్లమీద జారానని కొడుకు గొణిగాడు.

"అబద్ధం. వీడి చెయ్యి నేనే విరగ్గొట్టాను. దాని పెదవి పగలగొట్టింది వీడు," అంది తల్లి.

కట్టు వేయించుకుని బయటికొచ్చాక కొడుకు భోరున ఏడ్చాడు, తప్పయిపోయిందన్నాడు. ఆ మాట నమ్మాలో లేదో తర్వాత చూస్తానని, అప్పటిదాకా తన పుట్టింట్లోనే ఉంటానని కోడలు చెప్పింది. అతను తలూపాడు. తల్లి కొడుకును దాటుకుని వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

"నాకూ ఒక కార్డు తీసిపెట్టమ్మా."

"అలాగే. ముందు ఎక్కడికెళ్తారత్తయ్యా?"

ఆమెకు ఎంత ఆలోచించినా వెళ్ళాలనుకున్న చోటు ఒక్కటీ తట్టలేదు. కోడలి భుజం మీద తల వాల్చి వలవలా ఏడ్చింది.