వీపు మీది గళ్లు

ఒక్కటి అడుగుత, సూటిగ చెప్పుండ్రి. దెయ్యం చంపిందంటే నమ్మిన మనం, మనిషి చంపిండేమో అని ఒక్కనాడన్న ఎందుకు అనుకోలే?

కట్టంగూర్ రోడ్డు దిగి మన ఊరికొచ్చే బాటల ఆ పాత బావి మీకందరికీ ఎరుకే. మూడేండ్ల సంది పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. పరమేష్ పెండ్లాం మల్లీశ్వరిని దెయ్యం నీళ్లల్లకు గుంజి, వీపు మీద వాతలు పెట్టి చంపిందని పేరు.

ఆ పేరు పుట్టింది నర్సింగమ్మ నోట్లకెల్లి.

ఊర్ల ఆడోళ్లు పానమిడిస్తే ఆఖరి తానం పోసేది ఆమెనే. ఆనాడు పొద్దు పొడవంగనే మల్లీశ్వరిని బావిలకెల్లి తీసిన్రు. "తెల్లారుజామున నీళ్లకు పోయి జారిపడ్డది" అన్నడు పరమేష్. నర్సింగమ్మ పీనుగును పక్కకు ఒరిగించి చెంబెడు నీళ్లు పోసింది... చెయ్యి ఆగింది.

వీపంత నేరేడుపండు రంగు. దాని మీద తెల్లగ గళ్లు — అడ్డం, ఐమూల, ఎవరో కూసోని గీసినట్టు.

రుద్దింది. పోలే. గట్టిగ రుద్దింది. పోలే.

"దెయ్యం వాతలు..." అన్నది చుట్టున్న ఆడోళ్లతోటి, గుసగుసగ. ఆ మాట వాకిలి దాటి ఊరంత తిరిగింది. పోలీసులొస్తే పీనుగును కోస్తరని పెద్దమనుషులు తొందరపెట్టిన్రు. పొద్దెక్కకముందే మట్టిల పెట్టిన్రు.

మొన్న నల్లగొండ దవాఖానల నర్సింగమ్మకు ఆలస్యమైంది. ఆఖరి ఆటో రోడ్డు మీదనే దించిపోయింది. నడుసుడే.

బావి కాడికి రాంగనే గాలి ఆగింది. చేతిల బ్యాటరీ లైటు ఎలిగించింది.

కిర్రు... కిర్రు...

"ఎవలూ?"

లైటు అటు కొట్టింది.

బావి గడ్డ మీద ఒక వీపు — తల లేదు, ఒట్టి వీపు. మెల్లగ లేస్తాంది. దాని మీద గళ్లు... అవే గళ్లు!

"మల్లీశ్వరీ... నేనేం జెయ్యలే తల్లీ... ఉత్తగ కడిగిన, అంతే..." దండం పెట్టింది.

వీపు తిరిగింది.

"ఎవలే అది? నర్సింగక్కనా? నిద్ర మబ్బుల పంది అనుకొని కట్టె కోసం ఒంగిన. ఇంకింతైతే నీ నెత్తి పలుగుతుండె!"

పోచయ్య. దెయ్యాన్ని నమ్మని మొండోడు, బావి పక్క పల్లిచేనుకు అడవిపందుల కావలి. అంగి ఇప్పి నులక మంచం మీద పండుకున్నడు.

"నీ వీపు మీద... గవేంది పోచయ్యా?"

"కొత్త నులక, ఒత్తుకున్నది. జరసేపైతే పోతయి. దెయ్యం కొట్టిందనుకున్నవా ఏంది?" పకపక నవ్విండు.

నర్సింగమ్మ నవ్వలే. లైటు పట్టుకొని చూస్తనే ఉన్నది. పోచయ్య వీపు మీద గళ్లు ఆమె కండ్ల ముందరనే మాసిపోయినయి.

మల్లీశ్వరివి పోలే.

తెల్లారి మళ్ల నల్లగొండకే పోయింది. పోస్టుమార్టం చేసే డాక్టరమ్మ ఉమేరా అంత విన్నది.

"పానం పోయినంక నెత్తురు కిందికి దిగుతదమ్మా. ఎల్లెల్కల పండుకుంటే వీపు నల్లబడ్తది. నులక ఒత్తిన జాగకు నెత్తురు రాదు, అది తెల్లగనే ఉంటది. కొన్ని గంటలైతే గట్టిపడ్తది, ఇగ పోదు. నీళ్లల్ల పోయిన మనిషి బోర్లనే ఉంటది. ఆమె వీపుకు గళ్లెట్లొస్తయి?"

"అంటే..."

"బావిల పడకముందు ఆమె గంటలకొద్ది మంచం మీద శవమై ఉన్నది. ఎట్ల పోయిందో గళ్లతోటి చెప్పలేను. మట్టిలకెల్లి తీసి చూడాలె. గొంతు పిసుకుడుతోటి మెడ ఎముక విరిగుంటే దొరకొచ్చు, దొరకకపోవచ్చు. ఆనాడే చూపిస్తే..."

నర్సింగమ్మ రెండు చేతులు కొంగు కింద దాసుకున్నది. ఆ గళ్లు కనవడకుంట పసుపు దట్టంగ పూసినయి ఆ చేతులే. పోలీసు మాట ఎత్తిన మనిషి అనిపించుకోవద్దని.

మరి ఆమె ఒక్కదానికేనా సిగ్గు? గా దెయ్యం కథ చెప్పి పిల్లలకు బువ్వ తినిపించింది మనం గాదా?

ఈ ముచ్చట ఊర్లకు పొక్కిన రాత్రే పరమేష్ తన మంచం నులకంత ఇప్పి కాలవెట్టిండు.

సోమవారం నర్సింగమ్మ తహసీల్దార్ ఆఫీసుకు పోతాంది, మల్లీశ్వరిని తీసి చూడుండ్రని కాయితం పట్టుకొని. ఆనాడు తానం కాడ నిలవడ్డ అక్కలారా, మీరూ రాండ్రి. చూసింది చూసినట్టు చెప్పుండ్రి.